నార్త్ కరోలినాకి వచ్చే ఫెడరల్ సైన్స్ డబ్బు: ప్రకటించిన అంకెలో మన రాష్ట్రంలో ఖర్చయ్యేది ఎంత?

పైన్‌చెట్టు_కేరీ

ఒక్క ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధనకి డబ్బిచ్చే ఫెడరల్ సంస్థ) నుంచే నార్త్ కరోలినాకి ఏటా 2 బిలియన్ డాలర్ల పైచిలుకు వస్తుంది. ఎన్‌ఎస్‌ఎఫ్ (జాతీయ సైన్స్ ఫౌండేషన్), వ్యవసాయ శాఖ, రక్షణ శాఖ, ఇంధన శాఖ ఇచ్చేవి వేరే. ఈ మాట ఎత్తితే చాలు, కేరీ, మారిస్‌విల్ మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండే రెండు పాటలు. ఒకటి: "అదంతా డ్యూక్, యూఎన్‌సీ యూనివర్సిటీలకే పోతుంది, సగం పైన ఓవర్‌హెడ్ పేరుతో యూనివర్సిటీయే మింగేస్తుంది, మనకేం ఒరిగింది?" రెండు: "డాలర్ పెడితే రెండున్నర డాలర్లు తిరిగొస్తాయి, ఇంక మాట్లాడేదేముంది?" రెండూ నమ్మబుద్ధి కావట్లేదు.

కౌంటీ మీటింగులో మూడు నిమిషాలు మాట్లాడాలి. ఉపన్యాసం వద్దు, లెక్క కావాలి. తెలిసినవాళ్లు వీటికి జవాబు చెప్పండి:

1. ఒక మామూలు గ్రాంటులో డబ్బు దేనిదేనికి పోతుంది? ఓవర్‌హెడ్, అంటే పరిశోధన నడవడానికి యూనివర్సిటీకి ఇచ్చే ఉమ్మడి ఖర్చు, అసలు ఎంత?
2. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చిన పిల్లలకి ఏది దొరుకుతుంది, ఏది దొరకదు? హెచ్-4 (తల్లి లేదా తండ్రి వర్క్ వీసాతో వచ్చే కుటుంబ వీసా) మీద ఉన్న హైస్కూలు, కాలేజీ పిల్లల మాటేమిటి?
3. యూనివర్సిటీ గేటు దాటి రైతుకీ చిన్న కంపెనీకీ చేరేది ఏమైనా ఉందా?
4. ఆ రెండున్నర డాలర్ల అంకె ఎక్కడిది? ఎంతవరకు నమ్మొచ్చు?

గ్రాంట్ల_గుమాస్తా

ఓవర్‌హెడ్ దగ్గరే మొదలుపెడదాం, గొడవంతా అక్కడే కాబట్టి.

ఉదాహరణకి ఓవర్‌హెడ్ రేటు 55 శాతం అంటే వంద డాలర్లలో యాభై అయిదు తీసేసుకున్నట్టు అనుకుంటారు. అలా కాదు. పరిశోధనకని ఇచ్చిన అసలు ఖర్చు మీద అదనంగా 55 శాతం ఇస్తారు. అది కూడా మొత్తం అసలు మీద కాదు, కొన్నిటిని పక్కన పెట్టాక మిగిలిన దాని మీద. పెద్ద పరికరాలు, విద్యార్థుల ట్యూషన్, అద్దెలు, వేరే సంస్థకి ఇచ్చే సబ్అవార్డులో మొదటి 50,000 డాలర్లు దాటిన భాగం, ఇవన్నీ లెక్కలోంచి తీసేస్తారు. 2024 అక్టోబరుకి ముందు సబ్అవార్డు హద్దు 25,000, పరికరం హద్దు 5,000 ఉండేవి. ఇప్పుడు 50,000, 10,000.

ఎన్‌ఐహెచ్ ఇచ్చే ఆర్-01 అనే మామూలు గ్రాంటు తీసుకుందాం. మాడ్యులర్ బడ్జెట్ అయితే ఏడాదికి అసలు ఖర్చు 2,50,000 డాలర్ల దాకా, 25,000 చొప్పున ముక్కలుగా అడగొచ్చు. కింది పంపకం నమూనాకి వేసినది. ల్యాబుని బట్టి మారుతుంది గానీ నిష్పత్తులు ఇంచుమించు ఇలాగే ఉంటాయి:

ప్రొఫెసర్ జీతంలో కొంత భాగం, బెనిఫిట్లతో: 42,000
ఒక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబులో చేసే పరిశోధకులు), బెనిఫిట్లతో: 78,000
ఒక పీహెచ్‌డీ విద్యార్థి స్టైపెండ్, ఇన్సూరెన్స్: 40,000
ఆ విద్యార్థి ట్యూషన్: 15,000
సగం పూట టెక్నీషియన్: 30,000
ఒక పరికరం: 20,000
రసాయనాలు, ప్లాస్టిక్ సామాను: 19,000
ప్రచురణ, ప్రయాణం: 6,000

మొత్తం 2,50,000. ఇందులో జీతాలే 1,90,000, అంటే నాలుగింట మూడు వంతులు. ఈ డబ్బు డర్హమ్‌లో ఇంటి అద్దెగా, వేక్ కౌంటీలో కిరాణా బిల్లుగా, రాష్ట్ర ఆదాయపు పన్నుగా మారుతుంది. రసాయనాలు, పరికరాల డబ్బులో ఎక్కువ భాగం మాత్రం రాష్ట్రం బయటి సప్లయర్లకే పోతుంది. అది దాచాల్సిన పని లేదు.

ఇప్పుడు ఓవర్‌హెడ్. పరికరం 20,000, ట్యూషన్ 15,000 తీసేస్తే 2,15,000 మిగిలింది. దాని మీద 55 శాతం అంటే 1,18,250. మొత్తం గ్రాంటు 3,68,250. అందులో ఓవర్‌హెడ్ వాటా 32 శాతం. "సగం పైన" అనే మాట ఇక్కడే వీగిపోతుంది. మీ మూడు నిమిషాల్లో ఈ ఒక్క లెక్క బోర్డు మీద వేసినా చాలు.

ఆ 32 శాతం దేనికంటే, కరెంటు, గాలి మార్పిడి, జంతువుల గదులు, రసాయన వ్యర్థాలు తీసుకెళ్లడం, మనుషుల మీద జరిగే పరిశోధనకి అనుమతులిచ్చే కమిటీ, లెక్కలు రాసేవాళ్లు. ఒక పాత మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ రోజుకి దాదాపు 20 యూనిట్ల కరెంటు తాగుతుంది. అంటే ఇక్కడి ఒక మామూలు ఇంటి వాడకంలో సగానికి పైనే. ఒక పెద్ద మెడికల్ స్కూల్లో ఇలాంటివి వందల్లో ఉంటాయి. ఏ ఫ్రీజర్‌లో ఏ గ్రాంటు శాంపిల్ ఎన్ని అంగుళాలు పట్టిందో కొలిచి కరెంటు బిల్లు పంచలేరు కదా, అందుకే ఉమ్మడి ఖర్చుగా రేటు పెడతారు. ఆఫీసు ఖర్చుల భాగానికి 1991 నుంచీ 26 శాతం గరిష్ఠ పరిమితి ఉంది. అసలు పాలనా ఖర్చు అంతకు మించితే యూనివర్సిటీ సొంత జేబులోంచే పెట్టుకోవాలి.

2025 ఫిబ్రవరి 7న ఎన్‌ఐహెచ్ అందరికీ ఒకే 15 శాతం అని నోటీసు ఇచ్చింది. పై ఉదాహరణలో ఓవర్‌హెడ్ 1,18,250 నుంచి 32,250కి పడిపోతుంది. ఒక్క గ్రాంటుకి ఏడాదికి 86,000 తేడా. మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టు దాన్ని ఆపి, ఏప్రిల్‌లో శాశ్వత నిషేధం ఇచ్చింది. ఆ కొన్ని వారాల భయానికే చాలాచోట్ల పీహెచ్‌డీ సీట్లు తగ్గించారు, నియామకాలు ఆపేశారు. అసలు కోత పడకముందే జరిగిన నష్టం అది.

ఇంకో అపోహ: గ్రాంటు వచ్చింది అంటే చెక్కు వచ్చినట్టు కాదు. యూనివర్సిటీ ముందు తన డబ్బు ఖర్చు పెట్టి, తర్వాత ఫెడరల్ పేమెంట్ సిస్టమ్ నుంచి తీసుకుంటుంది. నిబంధనలకి సరిపడని ఖర్చు తేలితే వెనక్కి కట్టాలి. ఎక్కువగా దొరికిపోయేది ఎక్కడంటే, ఒక గ్రాంటు అయిపోవస్తుంటే మిగిలిన డబ్బు వాడేయాలని వేరే గ్రాంటు సామాను దీని మీద కొనడం, లేదా 90 రోజులు దాటిన పాత ఖర్చుని ఇటు మార్చడం. ఆడిటర్ చూసేది మొట్టమొదట ఆ చివరి మూడు నెలల బిల్లులే.

విద్యార్థుల సంగతి. దీన్ని రెండు గంపల్లో పెట్టుకోండి.

మొదటి గంప: ప్రొఫెసర్ గ్రాంటు మీద రీసెర్చ్ అసిస్టెంటుగా ఉండటం. దీనికి పౌరసత్వంతో పని లేదు. మన ఎఫ్-1 పిల్లలు పీహెచ్‌డీ చేస్తున్నది చాలావరకు దీని మీదే. సెమిస్టరు నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలు. స్టైపెండ్, ట్యూషన్, ఇన్సూరెన్స్ మూడూ ఇస్తున్నారో లేదో ఆఫర్ లెటర్‌లో విడివిడిగా చూడాలి, "ఫండెడ్" అనే ఒక్క మాట సరిపోదు.

రెండో గంప: పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే. ఎన్‌ఎస్‌ఎఫ్ వారి పీజీ, పీహెచ్‌డీ ఫెలోషిప్ జీఆర్‌ఎఫ్‌పీ (ఏడాదికి 37,000 స్టైపెండ్, మూడేళ్లు, పైగా యూనివర్సిటీకి 16,000), ఎన్‌ఐహెచ్ టీ-32 శిక్షణ గ్రాంట్లు, డిగ్రీ పిల్లలకి వేసవిలో పది వారాలు ల్యాబులో పరిశోధన చేయించే ఆర్‌ఈయూ, ఇవన్నీ ఇందులోవే. హెచ్-4 పిల్లలకి ఆర్‌ఈయూ డబ్బు రాదు. ఇక్కడే స్కూలు చదివినా, మార్కులు ఎంతున్నా రాదు. చాలామంది తల్లిదండ్రులు ఈ సంగతి అప్లికేషన్ సగం నింపాక తెలుసుకుంటారు. దారి ఏమిటంటే, ఆ ల్యాబు ప్రొఫెసర్‌కి ఫెడరల్ కాని డబ్బు, అంటే యూనివర్సిటీ సొంత అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చ్ నిధి ఉందేమో నేరుగా అడగడం. వీసా మీద జీతం తీసుకునే వీల్లేకపోతే క్రెడిట్ కోసం చేసే రీసెర్చ్ కోర్సుగా పెట్టించుకోవచ్చు.

పీహెచ్‌డీకి చేరేవాళ్లు ల్యాబు ఖాయం చేసుకునే ముందు ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ అనే సైటులో ఆ ప్రొఫెసర్ పేరు కొట్టి ప్రాజెక్టు ముగిసే తేదీ చూడండి. గ్రాంటు నంబరు ముందు 1 ఉంటే కొత్త గ్రాంటు, 2 ఉంటే పోటీలో మళ్లీ నెగ్గినది, 5 ఉంటే నడుస్తున్న ఏడాది. ముగింపు ఎనిమిది నెలల్లో ఉండి, 2తో మొదలయ్యేది ఏదీ కనబడకపోతే "మూడో ఏడాది ఎవరి డబ్బు మీద ఉంటాను?" అని అడగడం మర్యాద తప్పడం ఏమీ కాదు. టీచింగ్ అసిస్టెంటుగా మారుస్తామని డిపార్ట్‌మెంట్ నుంచి రాతపూర్వకంగా ఉంటే మంచిది.

గెనుసుగడ్డ

గుమాస్తా గారూ, మీరు చెప్పినదంతా పోటీలో గెలిచే గ్రాంట్లు. రైతుకి చేరే డబ్బు దారి వేరు, వయసూ వేరు.

1862 మారిల్ చట్టంతో ల్యాండ్‌గ్రాంట్ కాలేజీలు వచ్చాయి. 1887 హ్యాచ్ చట్టంతో ప్రతి రాష్ట్రంలో వ్యవసాయ ప్రయోగ కేంద్రం వచ్చింది. 1914 స్మిత్-లీవర్ చట్టంతో ఎక్స్‌టెన్షన్, అంటే మన వ్యవసాయ విస్తరణ అధికారి లాంటి వ్యవస్థ. ఈ డబ్బు పోటీ మీద కాకుండా సూత్రం ప్రకారం రాష్ట్రాలకి పంచుతారు. హ్యాచ్ డబ్బు డాలరుకి రాష్ట్రం కూడా డాలరు కలపాలి. అందుకే నార్త్ కరోలినాలో ఉన్న నూరు కౌంటీల్లోనూ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ఉంది. మొత్తంగా చూస్తే చిన్న మొత్తమే. కానీ ఏటా తప్పకుండా వస్తుంది కాబట్టి పదిహేనేళ్లు పట్టే పని దీని మీద పెట్టుకోవచ్చు. అయిదేళ్ల గ్రాంటు మీద కొత్త వంగడం తీయడం అయ్యే పని కాదు.

ఉదాహరణ చిలగడదుంప. రాయలసీమవాళ్లకి గెనుసుగడ్డ, తెలంగాణవాళ్లకి కందగడ్డ. దేశంలో దీన్ని అందరికన్నా ఎక్కువ పండించేది ఈ రాష్ట్రమే. ఇక్కడి పొలాల్లో ఎక్కువగా కనబడేది కవింగ్టన్ అనే రకం. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ 2005లో విడుదల చేసింది.

రకం ఇవ్వడంతో పని అయిపోదు. చిలగడదుంపని విత్తనం వేసి పండించరు. గడ్డని పడుకోబెట్టి, లేచిన తీగలు కోసి నాటుతారు. అంటే ఏటా అదే మొక్క మళ్లీ మళ్లీ. వైరస్ ఒకసారి ఎక్కితే దిగదు, ఏటికేడు పోగవుతుంది. ఫెదరీ మాటిల్ అనే వైరస్‌ని పేనుబంక మోసుకొస్తుంది. తీగ చూస్తే పచ్చగానే ఉంటుంది. గడ్డలు మాత్రం ఏటా కొంచెం తగ్గుతాయి, తొక్క రంగు పాలిపోతుంది. రైతు వానని తిడతాడు, నేలని తిడతాడు.

మందు ఏమిటంటే, తీగని కొన్ని వారాలు వేడి గదిలో పెంచి, కొస మొగ్గలోంచి అర మిల్లీమీటరు కన్నా చిన్న ముక్కని సూక్ష్మదర్శిని కింద కోస్తారు. పెరిగే కొసలోకి వైరస్ ఇంకా చేరి ఉండదు. ఆ ముక్కని గాజు గొట్టంలో జెల్లీ మీద మొక్కగా పెంచుతారు. శుభ్రమైందో కాదో తేల్చడానికి ఐపోమియా సెటోసా అనే తీగకి అంటు కడతారు. దాని ఆకుల మీద వైరస్ మచ్చలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. మూడు నాలుగు వారాలు చూస్తారు, ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ. నెగ్గిన మొక్కలే విత్తన రైతులకి పోతాయి. ఈ పని చేసే యూనివర్సిటీ యూనిట్ వ్యవసాయ శాఖ డబ్బుతో నడిచే జాతీయ క్లీన్ ప్లాంట్ నెట్‌వర్క్‌లో భాగం.

తేడా ఎక్కడ వస్తుందంటే, మొక్క ముక్క పెద్దగా కోస్తే వైరస్ కూడా వచ్చేస్తుంది, మరీ చిన్నగా కోస్తే బతకదు. రైతు దగ్గర శుభ్రమైన నారుని పాత పొలం పక్కనే వేస్తే పేనుబంక ఒక్క సీజన్లో మళ్లీ అంటిస్తుంది. అందుకే ఏటా కొంత కొత్త నారు కొనాల్సిందే. ఈ గాజు గొట్టాల గదికి ఒక ఏడాది జీతాలు ఆగితే ఆ వంగడాల తల్లి మొక్కలు చచ్చిపోతాయి. తర్వాత ఏడాది రెట్టింపు డబ్బు ఇచ్చినా అవి తిరిగి రావు.

రాష్ట్రం తప్పు కూడా చెప్పాలి. ఇక్కడ రెండు ల్యాండ్‌గ్రాంట్ యూనివర్సిటీలు ఉన్నాయి. రెండోది గ్రీన్స్‌బరోలోని ఎన్‌సీ ఏ అండ్ టీ, 1890 చట్టం కింద నల్లజాతి విద్యార్థుల కోసం వచ్చినది. 2023 సెప్టెంబరులో ఫెడరల్ విద్య, వ్యవసాయ శాఖల కార్యదర్శులు 16 రాష్ట్రాల గవర్నర్లకి రాసిన ఉత్తరాల్లో, ముప్పై ఏళ్లలో ఈ యూనివర్సిటీకి సుమారు 2 బిలియన్ డాలర్లు తక్కువ ఇచ్చారని లెక్క తేల్చారు. ఫెడరల్ డబ్బు వస్తే చాలదు, పక్కన పెట్టాల్సిన రాష్ట్రం వాటా ఎవరికి పెట్టారో కూడా కౌంటీ మీటింగులో అడగండి.

రెండో_ఫేజ్

చిన్న కంపెనీల వైపు చెప్తాను.

1980 బే-డోల్ చట్టానికి ముందు ఫెడరల్ డబ్బుతో కనిపెట్టిన దాని మీద హక్కు ఎక్కువగా ప్రభుత్వం దగ్గరే మిగిలిపోయేది. ఆ చట్టం తర్వాత యూనివర్సిటీ ఉంచుకోవచ్చు, రాయల్టీలో కనిపెట్టినవాళ్లకి వాటా ఇవ్వాలి. గడువులు గట్టివి: కనిపెట్టినవాళ్లు యూనివర్సిటీకి చెప్పాక రెండు నెలల్లో ఏజెన్సీకి తెలపాలి, రెండేళ్లలో హక్కు కావాలో వద్దో చెప్పాలి. ఇక్కడ జరిగే అసలు పొరపాటు చిన్నది. విద్యార్థి కాన్ఫరెన్స్ పోస్టర్ వేసేస్తాడు, పేటెంటు ఆఫీసుకి తర్వాత చెప్తారు. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది. యూరప్‌లో హక్కు ఆ రోజే పోయింది. మందుల కంపెనీ లైసెన్సుకి వచ్చి మొదట అడిగేది యూరప్ గురించే.

ఎస్‌బీఐఆర్ అని చిన్న కంపెనీల పరిశోధనకి డబ్బిచ్చే ఫెడరల్ కార్యక్రమం ఇంకోటుంది, 1982 నాటిది. బయటి పరిశోధనకి ఏటా 10 కోట్ల డాలర్లు దాటి ఖర్చు పెట్టే ప్రతి ఫెడరల్ ఏజెన్సీ అందులో 3.2 శాతం చిన్న కంపెనీలకి తీసి పెట్టాలి. ఇది అప్పు కాదు, వాటా అడగరు. ఎన్‌ఎస్‌ఎఫ్ మొదటి ఫేజ్ 3,05,000 డాలర్ల దాకా ఇచ్చింది. షరతులు: 500 మందికి మించని కంపెనీ, సగానికి పైన వాటా పౌరులదో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లదో అయి ఉండాలి. ప్రాజెక్టు నడిపే వ్యక్తికి మాత్రం పౌరసత్వం అక్కర్లేదు, ఆ కంపెనీలో చట్టబద్ధంగా పనిచేసే అర్హత ఉంటే చాలు. మొదటి ఫేజ్ పనిలో కనీసం మూడింట రెండు వంతులు కంపెనీలోనే జరగాలి. ప్రొఫెసర్ ల్యాబులోనే ఎక్కువ పని అంటే యూనివర్సిటీతో కలిసి చేసే కంపెనీల కోసం ఉన్న తోడు కార్యక్రమం ఎస్‌టీటీఆర్‌కి వెళ్లండి: కంపెనీకి కనీసం 40 శాతం, యూనివర్సిటీకి కనీసం 30.

రిజిస్ట్రేషన్లకి కనీసం రెండు నెలలు పెట్టుకోండి. ఫెడరల్ డబ్బు తీసుకునేవాళ్లు నమోదయ్యే సామ్ డాట్ గవ్‌లో గుర్తింపు నంబరు మొదట, తర్వాత ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాల ఫెడరల్ సంస్థ) కంపెనీ రిజిస్ట్రీ, తర్వాత ఏజెన్సీ పోర్టల్. కంపెనీ పేరు ఐఆర్‌ఎస్ కాగితంలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టాలి. ఎల్‌ఎల్‌సీ ముందు కామా తేడా వచ్చినా తిరగ్గొడుతుంది. సామ్ రిజిస్ట్రేషన్ ఉచితం. నమోదైన మర్నాటి నుంచే "మీ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, 600 డాలర్లు కట్టండి" అని ఉత్తరాలు వస్తాయి, చెత్తబుట్టలో వేయండి. ముఖ్యమైన హెచ్చరిక: 2025 సెప్టెంబరు 30తో ఈ కార్యక్రమం చట్టం గడువు తీరి కొత్త అవార్డులు అప్పట్లో ఆగిపోయాయి. రాయడం మొదలుపెట్టే ముందు మీ ఏజెన్సీ పిలుపు తెరిచి ఉందో లేదో చూసుకోండి. మొదటి ఫేజ్ గెలిచినవాళ్లకి తోడు డబ్బు ఇచ్చే రాష్ట్ర పథకం కూడా ఇక్కడ ఉంది, వన్ ఎన్‌సీ పేరుతో. మొదటి, రెండో ఫేజ్‌ల మధ్య జీతాలు ఇవ్వలేక కంపెనీ మూతపడే నెలలకి అది ఊపిరి.

ఉదాహరణ కావాలంటే క్రీ అనే కంపెనీ. ఎన్‌సీ స్టేట్‌లో సిలికాన్ కార్బైడ్ మీద నౌకాదళ పరిశోధన ఆఫీసు డబ్బుతో ఏళ్ల తరబడి పని జరిగింది. 1987లో అక్కడివాళ్లే డర్హమ్ దగ్గర కంపెనీ పెట్టారు. 1989లో నీలి ఎల్‌ఈడీని మార్కెట్లోకి తెచ్చారు. తర్వాత అదే వుల్ఫ్‌స్పీడ్ అయింది, విద్యుత్ కార్ల చిప్పులు చేసింది. 2025 జూన్‌లో అప్పుల భారంతో చాప్టర్ 11కి, అంటే దివాలా రక్షణకి, వెళ్లింది. కాబట్టి "గ్రాంటు ఇస్తే ఉద్యోగాలు వస్తాయి" అనే స్లైడులో క్రీ పేరు వేస్తే రెండో సగం కూడా చెప్పండి. లేకపోతే వెనక కుర్చీలోంచి ఎవరో ఒకరు చెప్తారు.

లెక్కల_పిచ్చి

నాలుగో ప్రశ్న నాకు వదిలేశారు, సంతోషం.

2.56 అనే అంకె యునైటెడ్ ఫర్ మెడికల్ రీసెర్చ్ అనే కూటమిది. 2024 ఆర్థిక సంవత్సరంలో ఎన్‌ఐహెచ్ రాష్ట్రాలకి ఇచ్చిన 36.94 బిలియన్ డాలర్లతో 94.58 బిలియన్ల ఆర్థిక కార్యకలాపం, 4,07,782 ఉద్యోగాలు అని వాళ్ల నివేదిక. భాగిస్తే 2.56. అంకె అబద్ధం కాదు. అయితే మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆ కూటమి నిధులు పెంచమని అడిగే పక్షం. ఇక్కడ లెక్కేసింది మొత్తం అమ్మకాలు. పోస్ట్‌డాక్ జీతం, ఆ జీతంతో కొన్న బియ్యం, ఆ కొట్టువాడి అద్దె, అన్నీ వరసగా కూడుతారు. చేతిలో మిగిలిన లాభం అని దాని అర్థం కాదు. మూడోది, అదే డబ్బు రోడ్ల మీద పెట్టినా ఇలాంటి గుణకమే ఏదో ఒకటి వస్తుంది. కాబట్టి సైన్స్ ప్రత్యేకత ఈ అంకెలో కనబడదు.

సైన్స్ ప్రత్యేకత కొలవాలంటే కొత్త జ్ఞానం ఎక్కడ తేలిందో చూడాలి. 2019లో అచ్చయిన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనం ప్రకారం ఎన్‌ఐహెచ్ నిధులు కోటి డాలర్లు పెరిగితే ప్రైవేటు కంపెనీల పేటెంట్లు నికరంగా 2.7 పెరిగాయి. అయితే ఆ పేటెంటు ఈ రాష్ట్రంలోనే పుట్టాలని ఏమీ లేదు. జ్ఞానానికి కౌంటీ సరిహద్దు ఉండదు.

మరి రాష్ట్రానికే ఏం మిగులుతుంది? దీనికి అమీర్‌పేట గోడల మీద బోర్డు చూసినవాళ్లందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది: క్లినికల్ సాస్, అంటే మందుల పరీక్షల లెక్కలకి వాడే సాఫ్ట్‌వేర్. ఆ సాస్ పుట్టింది రాలీలో. 1966లో దక్షిణాది వ్యవసాయ ప్రయోగ కేంద్రాల గణాంక నిపుణులకి, అంటే గెనుసుగడ్డ గారు చెప్పిన హ్యాచ్ చట్టం కేంద్రాలకే, పంటల డేటా విశ్లేషించడానికి ఒక ప్రోగ్రాం కావాల్సి వచ్చింది. ఎన్‌ఐహెచ్ గ్రాంటు తోడుగా ఎన్‌సీ స్టేట్‌లో రాశారు. 1972లో ఎన్‌ఐహెచ్ డబ్బు ఆగిపోయింది. అప్పుడు ఆ కేంద్రాలే తలా ఏడాదికి 5,000 డాలర్లు వేసుకుని దాన్ని బతికించాయి. 1976లో కంపెనీ అయింది, ఇప్పటికీ కేరీలోనే ఉంది. పంట దిగుబడి లెక్కలకని రాసినది మందుల పరీక్షల లెక్కలకి ప్రామాణికమై, హైదరాబాద్‌లో వేలమందికి ఉద్యోగమైంది. 1966లో ఏ దరఖాస్తులోనూ ఈ ప్రయోజనం రాసి ఉండటానికి వీల్లేదు. 1972లో ఆ అయిదువేల చందాలు పడకపోయి ఉంటే ఇదేమీ లేదు, అది కూడా గమనించండి.

రాష్ట్రం ముందే చేసుకున్న ఏర్పాటు ఇంకోటి ఉంది. పొగాకు, బట్టల మిల్లులు, ఫర్నిచర్ మీద బతికే రాష్ట్రం 1959లో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ పెట్టింది. మొదట్లో అంతా పైన్ చెట్లే. 1965లో ఐబీఎం, ఆ మరుసటేడు ఎన్‌ఐహెచ్ పర్యావరణ ఆరోగ్య సంస్థ, దానికి దాదాపు 500 ఎకరాలు ఇవ్వడంతో, వచ్చాక గానీ పార్కు నిలదొక్కుకోలేదు. వాషింగ్టన్ పరిసరాలకి బయట కేంద్ర కార్యాలయం ఉన్న ఎన్‌ఐహెచ్ సంస్థ ఇప్పటికీ అదొక్కటే. బయోటెక్ ఫ్యాక్టరీలకి కావలసిన టెక్నీషియన్ల శిక్షణ కమ్యూనిటీ కాలేజీల్లో పెట్టింది కూడా ఎక్కువగా పొగాకు కంపెనీల పరిహారపు డబ్బుతోనే, గోల్డెన్ లీఫ్ ద్వారా. హోలీ స్ప్రింగ్స్‌లో, క్లేటన్‌లో ఫ్యాక్టరీలు దిగడానికి నోబెల్ బహుమతులతో పాటు ఈ రెండేళ్ల కోర్సులు కూడా కారణం.

పక్కనే సౌత్ కరోలినా చూడండి. ఎన్‌ఎస్‌ఎఫ్ 1979లో వెనకబడిన రాష్ట్రాల కోసం ఎప్‌స్కోర్ మొదలుపెట్టినప్పుడు తీసుకున్న మొదటి అయిదింటిలో అదొకటి. నార్త్ కరోలినా ఎప్పుడూ అందులో లేదు. వాతావరణం ఒకటే, నేల ఒకటే.

ఇంక జాగ్రత్త: ఇక్కడి పెద్ద అంకెలో కొంత గాలి ఉంది. డ్యూక్‌లోని క్లినికల్ పరిశోధన కేంద్రం, ఆర్‌టీఐ అనే పరిశోధన సంస్థ లాంటివి దేశమంతా నడిచే పరీక్షలకి సమన్వయం చేస్తాయి. అవార్డు డర్హమ్ చిరునామాకి వస్తుంది, అందులోంచి సబ్అవార్డులు వేరే రాష్ట్రాల ఆసుపత్రులకి పోతాయి. అటునుంచి ఇటు వచ్చేవీ ఉంటాయి, కానీ ఎవరూ కూడి తీసివేసి చెప్పరు.

పైన్‌చెట్టు_కేరీ

అందరికీ ధన్యవాదాలు. గుమాస్తా గారూ, ఆ సబ్అవార్డులు తీసేసిన అంకె నేనే తీసుకోవాలంటే ఎక్కడ నొక్కాలి? ఇంకోటి: 2025లో మొత్తం డబ్బు తగ్గలేదు అని ఒకాయన, కొత్త గ్రాంట్లు తగ్గాయి అని ఇంకొకాయన. ఎవరు కరెక్టు?

గ్రాంట్ల_గుమాస్తా

ఇద్దరూ కరెక్టే. మామూలుగా అయిదేళ్ల గ్రాంటుకి ఏడాదికొకసారి డబ్బు విడుదల చేస్తారు. 2025 వేసవి నుంచి కొన్నిటికి అన్నేళ్ల డబ్బూ ఒకేసారి ఇవ్వడం బాగా పెంచారు. మొత్తం అంతే ఉన్నా ఒక గ్రాంటు ఈ ఏడు అయిదు గ్రాంట్ల చోటు తినేస్తుంది. అందుకే డాలర్ల పట్టికతో పాటు 1తో మొదలయ్యే కొత్త గ్రాంట్ల సంఖ్య కూడా తీసి పక్కన పెట్టండి.

అంకె కోసం యూఎస్ఏ స్పెండింగ్ సైటు. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ఆర్థిక సంవత్సరం ఎంచుకోండి (అక్టోబరు నుంచి సెప్టెంబరు అని మర్చిపోవద్దు), అవార్డు రకం గ్రాంట్లు, ఏజెన్సీ ఎన్‌ఐహెచ్. లొకేషన్ దగ్గర రెండు పెట్టెలుంటాయి: గ్రహీత చిరునామా, పని జరిగే చోటు. రెండిటితో విడివిడిగా వెతికి రెండు అంకెలూ రాసుకోండి. తర్వాత సబ్అవార్డుల ట్యాబ్‌కి మారి నార్త్ కరోలినా సంస్థలు బయటికి ఇచ్చినవీ, బయటివాళ్లు ఇక్కడికి ఇచ్చినవీ దించుకోండి. అక్కడ చిక్కు ఉంది: సబ్అవార్డుల వివరం నమోదు చేయాల్సింది మొదట గ్రాంటు తీసుకున్న సంస్థే, కొందరు ఆలస్యంగా వేస్తారు, ఒకే దాన్ని రెండుసార్లు వేసినవీ కనబడతాయి. సబ్అవార్డు మొత్తం అసలు అవార్డు కన్నా ఎక్కువ కనబడిన వరసలు ముందు తీసేయండి.

ఆర్‌టీఐ, ఎఫ్‌హెచ్‌ఐ 360 అనే ఇక్కడి సంస్థల్లో 2025లో పోయిన ఉద్యోగాల్లో పెద్ద భాగం విదేశాలకి సాయం చేసే ఫెడరల్ సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడటం వల్ల. దాన్ని సైన్స్ గ్రాంట్ల పద్దులో కలిపి చెప్పకండి, మీటింగులో తెలిసినవాడు ఒక్కడుంటే మిగతా అంకెలన్నీ వీగిపోతాయి. మీ స్లైడు ఒక్కటే ఉంటే అందులో 3,68,250 లెక్క, పని జరిగే చోటు ప్రకారం వచ్చిన అంకె, కొత్త గ్రాంట్ల సంఖ్య, ఈ మూడే పెట్టండి. ఫాంటు పెద్దది.